గైర్హాజరు మెసేజ్ పదిలోపే ఇంటికి చేరాలంటే: నా అనుభవం

మా స్కూల్లో, బడికి రాని పిల్లల ఇళ్లకు పంపే గైర్హాజరు మెసేజ్‌ల (ఎస్సెమ్మెస్) పని నా చేతికొచ్చేసరికి అవి సాయంత్రం నాలుగింటికి వెళ్తుండేవి. జ్వరమొచ్చి ఇంట్లో పడుకున్న పిల్ల సంగతి తల్లికి ఎలాగూ తెలుసు. పొద్దున సంచి తగిలించుకుని బయల్దేరి బడికి చేరని పిల్ల సంగతే ఆమెకు వెంటనే తెలియాలి. అందుకే పొద్దున పదిలోపు పంపాలని ముందు తేల్చుకున్నాం.

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనల వల్ల స్కూలు కూడా డీఎల్‌టీలో, అంటే మూకుమ్మడి మెసేజ్‌లు పంపేవాళ్ల కోసం టెలికాం కంపెనీలు నడిపే నమోదు వేదికలో, నమోదు కావాలి. స్కూలు పత్రాలు పెట్టి నమోదయ్యాక, పంపేవారి పేరుగా కనిపించే ఆరక్షరాల హెడర్, ఆ తర్వాత మెసేజ్ నమూనా ఆమోదించుకోవాలి. నమూనాను సర్వీసు రకం కింద పెట్టాలి. ప్రచార రకం కింద పెడితే డీఎన్‌డీ (ప్రచార మెసేజ్‌లు వద్దనే నమోదు) ఉన్న ఫోన్లకు వెళ్లదు. పేరు, తరగతి కోసం వదిలిన ఖాళీలు తప్ప, ఆమోదించిన వాక్యానికీ పంపే వాక్యానికీ ఒక్క చుక్క తేడా వచ్చినా మెసేజ్ మధ్యలోనే ఆగిపోతుంది. జూన్‌లో బడి తెరిచాక మొదలుపెడితే ఆలస్యమే, వేసవి సెలవుల్లోనే కానివ్వాలి.

తెలుగులోనే పంపాలని నేను పట్టుబట్టాను, చదవాల్సింది అమ్మానాన్నలు కాబట్టి. ఇంగ్లిష్ మెసేజ్‌కి 160 అక్షరాల చోటుంటే తెలుగుకి 70 మాత్రమే. పైగా గుణింతం, పొల్లు, ఒత్తు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. ‘కీర్తి’ కంటికి రెండక్షరాలు, లెక్కలో ఆరు. ‘కీర్తి (7బి) ఈరోజు బడికి రాలేదు. ఫోన్ చేయండి.’ మొత్తం 45. మిగిలిన 25లో స్కూలు పేరు, ఆఫీసు నంబరు ఇమడాలి. అదే ‘వెంకట సాయి లక్ష్మీ ప్రసన్న’ అని పూర్తి పేరు వేస్తే ఆ పేరే 26 తింటుంది. 70 దాటి రెండు మెసేజ్‌ల ఖర్చు పడుతుంది. అందుకని జాబితాలో పిలుపు పేరు, తరగతి మాత్రమే ఉంచాం. ‘రాలేదు’ అనే మాట అమ్మాయికీ అబ్బాయికీ ఒకటే కావడంతో ఒక్క నమూనా సరిపోయింది.

పొద్దున పని ఇలా సాగుతుంది. తొమ్మిదికి గంట. 9:10కి క్లాస్ టీచర్ అటెండెన్స్ తీసుకుంటారు. ఆలస్యంగా వచ్చినవాళ్లు ఆఫీసులో చీటీ తీసుకున్నాకే క్లాసుకి వెళ్లాలి. ఇదొక్కటి సడలితే క్లాసులో కూర్చున్న పిల్లాడి ఇంటికి ‘రాలేదు’ అని వెళ్తుంది, ఆ తల్లి పనికి వెళ్లిన చోటు నుంచి పరుగెత్తుకొస్తుంది. 9:40కి ఆఫీసులో మూడు జాబితాలు పక్కపక్కన పెట్టి చూస్తాం: గైర్హాజరు, ముందే సెలవు చెప్పినవాళ్లు, బస్సులో ఆయా టిక్కు పెట్టినవాళ్లు. బస్సెక్కినట్టు ఉండి క్లాసులో లేని పేరు కనిపిస్తే మెసేజ్‌తో పని లేదు. ఒకరు బస్సు, బాత్రూములు, గేటు చూసొస్తారు, ఇంకొకరు అప్పుడే ఇంటికి ఫోన్ చేస్తారు.

మిగిలినవాళ్లకి 9:50కి మెసేజ్ వెళ్తుంది. పావుగంట తర్వాత డెలివరీ రిపోర్టు చూడకపోతే ఇంత చేసీ లాభం లేదు. ‘పంపబడింది’ అంటే చేరిందని కాదు. చేరనివాళ్లకీ, చేరినా పదిన్నర దాకా ఫోన్ చేయనివాళ్లకీ మేమే ఫోన్ చేస్తాం. చదువు రానివాళ్ల పేర్లకి చుక్క పెట్టుకున్నాం, వాళ్లకి మెసేజ్‌తో పాటే ఫోన్. పొరపాటున వెళ్తే సరిదిద్దడానికి ‘బడిలోనే ఉన్నారు’ అనే రెండో నమూనా ముందే ఆమోదించుకోవాలి. అవసరం పడ్డ రోజున అడిగితే అందదు.

క్లాసు వాట్సాప్ గ్రూపులో రానివాళ్ల పేర్లు పెట్టడం మాన్పించాను. ఏ ఇంట్లో ఏ పిల్ల ఎన్నాళ్లుగా రావడం లేదో ఊరందరికీ తెలియనక్కర్లేదు.

ఎక్కువగా దెబ్బతినేది నంబర్ల దగ్గరే. అడ్మిషన్ నాడు ఇచ్చిన నంబరు తండ్రిది, ఆయనేమో పనికి వేరే ఊళ్లో ఉంటాడు. అందుకే ఇంట్లో ఉండేవాళ్ల నంబరు మొదట, రెండోది తర్వాత రాయించుకుంటాం. జూన్‌లో ఒకసారి, దసరా సెలవుల తర్వాత ఒకసారి ప్రతి నంబరుకీ రింగ్ ఇచ్చి, ఎత్తినవాళ్లని పిల్ల పేరు అడిగి సరిచూస్తాం.