ఫోను ఒప్పుకోని శిఖరం

ఏ రాష్ట్రంలో ఎత్తయిన కొండ అయితే అది ఎక్కి రావాలన్నది నా పిచ్చి. తమిళనాడు దొడ్డబెట్ట, కర్ణాటక ముళ్లయ్యనగిరి, మహారాష్ట్ర కల్సూబాయి అయ్యాయి. పుట్టి పెరిగింది రాయగడలోనే అయినా మన ఒడిశా దేవమాలి మాత్రం మిగిలిపోయింది. ఇంటి పక్క గుడికి ఎప్పుడైనా వెళ్లొచ్చులే అనుకుంటాం చూడండి, అదీ సంగతి.

నవంబరు చివర్లో సునాబెడలో అక్కావాళ్లింటికి వెళ్లాను. తెల్లారకముందే బావ బండి తీశాడు. సెమిలిగుడ దాటాక వలిసె చేలు, కొండవాలంతా పసుపు ఆరబోసినట్టు.

దేవమాలికి రోడ్డు దాదాపు పైదాకా ఉంది. నాకు అదే చిక్కు. కల్సూబాయిలో ఇనుప నిచ్చెనలు పట్టుకుని ఎక్కినవాణ్ని, ఇక్కడ బైకు మీద కూర్చుని శిఖరం చేరితే లెక్కలోకి వస్తుందా? కింద ఊళ్లోనే దిగిపోయాను.

"నువ్వు నడిస్తే కొండేమన్నా పెరుగుతుందేంట్రా?" అని బావ బండి మీద పైకి వెళ్లిపోయాడు.

దారిలో ఒక ముసలమ్మ ఆనపబుర్రలోంచి మండియా పేజ్ పోసి ఇచ్చింది. మా ఇళ్లలో చోడంబలి అంటామే, అదే, రాగి అంబలి. కాస్త పులిసి చల్లగా ఉంది. బైకులన్నీ పోతుంటే నువ్వెందుకు నడుస్తున్నావని అక్కడి మాట దేశియాలో అడిగింది. నవ్వి ఊరుకున్నాను.

పైన మంచు, ఈడ్చికొట్టే గాలి, చిప్స్ ప్యాకెట్లు. దేవమాలి ఎత్తు 1,672 మీటర్లు. నా ఫోను మాత్రం 1,606 దగ్గర ఆగిపోయింది. "కల్సూబాయి 1,646 అన్నావు కదరా, దానికంటే పొట్టా మనది?" అని బావ పట్టుకున్నాడు. ఫోను తప్పేం లేదు. ఉపగ్రహాల సాయంతో ఎత్తు కొలిచేటప్పుడు, లెక్కకోసం భూమిని పైనా కిందా కాస్త నొక్కిన నున్నటి బంతిలా అనుకుంటారు. మన దేశంలో భూమ్యాకర్షణ కాస్త తక్కువ కాబట్టి, అసలు సముద్రమట్టం ఆ లెక్క కంటే పదుల మీటర్లు కిందుంటుంది. ఆ తేడా సరిచేయని యాప్ ఎత్తు తగ్గించే చూపిస్తుంది. బావ సగం విని టీ కోసం చుట్టూ చూశాడు.

మంచు విడిచాక ఆంధ్రా వైపు కొండలు వరసగా తేలాయి. వాటిలో ఎక్కడో అరమకొండ, పుస్తకాల లెక్కన 1,680. దేవమాలి కంటే ఎనిమిదంటే ఎనిమిదే మీటర్లు ఎక్కువ, రెండంతస్తుల ఇల్లు! ఆ సరిహద్దులోనే రెండు రాష్ట్రాలూ మాదంటే మాదని కొట్టుకునే కొటియా ఊళ్లు. కొండల ఎత్తు మీద ఇంకా పేచీ రాలేదు, నయం.

దిగేటప్పుడు బావ అడిగాడు, తర్వాత ఏదని.

"తెలంగాణలో డోలిగుట్ట. 965 మీటర్లు."

"మన అరకు లైన్లో శిమిలిగుడ స్టేషన్ బోర్డు మీద 996 అనుంటుంది కదరా! రైలు టికెట్ కొనుక్కుంటే పోయేదిగా."