విగ్రహం లేని పీఠం

గుడిలో అడుగుపెట్టగానే మన కళ్లు మూలవిరాట్టు కోసం వెతుకుతాయి కదా, దక్షిణ కొరియాలో ఓడేసాన్ కొండ మీద, అడవిలో మెట్లెక్కి ఆయాసపడుతూ చేరుకునే ఓ చిన్న మందిరంలో మాత్రం ఆ చోట ఏమీ ఉండదు. ఖాళీ పీఠం, దాని మీద ఒక మెత్త, అంతే. బుద్ధుడి ధాతువులు, అంటే దహనం తర్వాత మిగిలిన అవశేషాలు, ఆ కొండ మట్టిలోనే ఉన్నాయని నమ్మకం. ఆయనే ఉన్నచోట బొమ్మ ఎందుకు అంటారు. సరిగ్గా ఎక్కడ ఉంచారో ఎవరికీ తెలీదు, అందుకే కొండ మొత్తానికీ దండం పెట్టుకుంటారు.

కొరియాలోని ప్రాచీన సిల్లా రాజ్యపు భిక్షువు జాజాంగ్ చైనాలోని వుతాయ్ పర్వతం మీద ప్రజ్ఞకు ప్రతీకైన బోధిసత్వుడు మంజుశ్రీని ప్రార్థించి, 643లో ధాతువులతో తిరిగొచ్చాడని సంప్రదాయం. ఇక్కడి కొండకూ అదే పేరు పెట్టుకున్నారు, ఐదు వేదికల కొండ అని. ఇలా విగ్రహం లేని ధాతు మందిరాల్లో ముఖ్యమైనవి కొరియాలో ఐదున్నాయి.

కొరియా బౌద్ధులు ఎంతో గౌరవించే వజ్రచ్ఛేదిక సూత్రంలో బుద్ధుడి మాట ఒకటుంది: నన్ను రూపంలో చూసేవాళ్లు, గొంతులో వెతికేవాళ్లు తప్పుదారిలో ఉన్నారు, వాళ్లు నన్ను చూడలేరు. చదివినప్పుడు కాస్త కఠినంగా అనిపించింది నాకు. ఆ ఖాళీ పీఠం గురించి తెలిశాకే మెత్తబడింది. అసలు ఇది మనకు కొత్తేం కాదు, మన అమరావతి సున్నపురాతి పలకల్లో కూడా ఖాళీ సింహాసనానికీ పాదముద్రలకీ జనం మొక్కుతూ కనిపిస్తారు. ఎన్నిసార్లు చూశానో, ఆ ఖాళీ మాత్రం నా కంట పడలేదు.

అదే ఓడేసాన్ కొండ మీది సాంగ్‌వోన్‌సా అనే ఆరామంలో 725లో పోత పోసిన గంట ఉంది, కొరియాలో మిగిలిన గంటల్లో అదే పాతది. 1466 నాటి బాల మంజుశ్రీ కొయ్య విగ్రహం కూడా అక్కడే ఉంది. అవి మనదాకా మిగిలాయంటే హానమ్ అనే వృద్ధ భిక్షువు వల్లే. 1951లో, కొరియా యుద్ధంలో, శత్రువుకు ఆశ్రయం కాకూడదని దక్షిణ కొరియా సైన్యం కొండ మీది గుళ్లు తగలబెడుతూ వచ్చింది, కింద వోల్‌జోంగ్‌సా అనే పెద్ద ఆరామం అప్పటికే బూడిదైంది. ఆయన కాషాయం సరిగ్గా కట్టుకుని మందిరంలో కూర్చుని, ఇక నిప్పు పెట్టండి అన్నారట. ఆ అధికారికి చేతులు రాలేదు. తలుపులు మాత్రం ఊడదీసి తగలబెట్టించి, పొగ చూపించి వెళ్లిపోయాడు.

ఆ ఏడాదే హానమ్ ధ్యానంలో కూర్చున్నవారు కూర్చున్నట్టే కన్నుమూశారు.