పక్క బల్ల మీది ఓసిలోస్కోప్

నిన్న సాయంత్రం నా పాత ఆంప్లిఫయర్‌ని హ్యాకర్‌స్పేస్‌కి పట్టుకెళ్లాను. సభ్యులంతా పనిముట్లు పంచుకుని పనిచేసుకునే చోటు అది. ఆన్ చేస్తే చాలు, గుయ్యిమని ఒకటే మోత. నెల రోజులుగా ఇంట్లో ఒక్కదాన్నే దానితో కుస్తీ పడుతున్నాను.

పక్క బల్ల దగ్గరున్న పెద్దాయన తన పని ఆపి మరీ, వోల్టేజీ హెచ్చుతగ్గుల్ని తెర మీద గీతగా చూపించే ఓసిలోస్కోప్‌ని నా వైపు జరిపారు. పవర్ సప్లై దగ్గర ప్రోబ్ పెట్టగానే, తిన్నగా ఉండాల్సిన గీత రంపపు పళ్లలా ఎగుడుదిగుడుగా కనిపించింది. 50 హెర్ట్జ్ కరెంటు, దాన్ని ఒకే దిశలో పారేలా చేసే రెక్టిఫయర్ దాటితే 100 హెర్ట్జ్ అల అవుతుందట, ఆ మోత అదే. "ఫిల్టర్ కెపాసిటర్ పోయిందమ్మా, పైన ఉబ్బింది చూడు" అన్నారు. ఆ అలని చదును చేయాల్సింది అదేనట. నిజమే, వేలితో తడిమితే ఉబ్బు తెలుస్తోంది.

కొత్తది వేసే ముందు రెసిస్టర్ పెట్టి పాతదాని చార్జ్ ఖాళీ చేయించారు. ప్లగ్ తీసేసినా అందులో కరెంటు నిలిచి ఉంటుంది కదా. కెపాసిటర్ మీద గీత ఉన్న వైపు కాలు నెగటివ్ అని రెండుసార్లు చూసుకున్నాకే టంకం వేయనిచ్చారు.

ఆ ఓసిలోస్కోప్ కూడా ఎవరో సభ్యులు తెచ్చి పెట్టిందే. లేజర్ కట్టర్ మీద "పీవీసీ పెట్టకండి, విషవాయువు వస్తుంది" అని రాసి అతికించిన వాళ్లెవరో కూడా నాకు తెలీదు. ఇలాంటి వాళ్లంటే నాకు ఎంత గౌరవమో!

మిగిలిన కెపాసిటర్లకి విలువలు రాసి సొరుగులో పెట్టి వచ్చాను. వచ్చే వారం టంకం నేర్చుకోవడానికి ఇద్దరు కొత్తవాళ్లు వస్తున్నారు. వాళ్ల పక్కన నేను కూర్చుంటానని చెప్పాను.