సూరత్‌లో చాలు అనకూడదు

సూరత్ వచ్చిన మూడో రోజు. మిల్లు ఎదురుగా ఉన్న చిన్న భోజనశాలలో కూర్చుని, ఒక చేత్తో ఫోను పట్టుకుని మా ఆయనతో మాట్లాడుతూ తింటున్నాను. రొట్టెలు తెచ్చే కుర్రాడు కంచంలో రెండు వేశాడు. తలెత్తకుండానే "చాలు చాలు" అన్నాను. ఎంత హిందీ వచ్చినా కంచం ముందు కూర్చుంటే నోట్లోంచి తెలుగే వస్తుంది. ఇంకో రెండు పడ్డాయి. ఈసారి కాస్త గట్టిగా "చాలూ!" అన్నాను. రొట్టెతో పాటు పప్పు గిన్నె కూడా నిండింది. మొహంలో కోపం చూసి ఆ అబ్బాయి కంగారుపడి నెయ్యి డబ్బా తెచ్చాడు.

ఎదురు బల్ల మీద మా మిల్లు లెక్కలు చూసే కాకా ఇదంతా గమనిస్తున్నాడు. నవ్వాపుకుని అప్పుడు చెప్పాడు. గుజరాతీలో చాలు అంటే నడుస్తూ ఉండటం. మిషన్ చాలు, ఫ్యాను చాలు, వడ్డన కూడా చాలు. ఆపమనాలంటే "బస్" అనాలి, బేన్.

ఆ రోజు నేను తిన్న రొట్టెలు ఏడు.

మాది బందరు. విజయవాడలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. డైయింగ్, ప్రింటింగ్ మిల్లులకు లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టి, వాళ్ళకి నేర్పించి రావడం నా ఉద్యోగం. ఇంతకుముందు తిరుపూరు వెళ్ళాను, పది రోజులే. సూరత్‌కి మాత్రం ఏడు వారాలన్నారు, అదీ డిసెంబరు ఆఖర్లో. అంటే సంక్రాంతికి ఇంట్లో ఉండను. ఏడేళ్ళ మావాడిని అమ్మ దగ్గర దింపి, సాయంత్రం విజయవాడలో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. మర్నాడు మధ్యాహ్నం దిగాను. అమ్మ సర్దిన సంచిలో రెండు కేజీల తొక్కుడు లడ్డు, ఒక సీసా రొయ్యల పచ్చడి ఉన్నాయి. ఆ సీసా గురించి తర్వాత చెప్తాను, దానిది పెద్ద కథ.

కంపెనీ ఇచ్చిన గెస్ట్‌హౌస్ గురించి ఎక్కువ చెప్పను. కిటికీకి గొళ్ళెం లేదు, పొద్దున ఆరింటికి నీళ్ళు ఉండవు, ఎనిమిదింటికి వస్తాయి. నేను ఎనిమిదిన్నరకి మిల్లులో ఉండాలి. నాలుగు రాత్రులు భరించి, కాకాతో మొర పెట్టుకుంటే ఆయన తెలిసినవాళ్ళని కనుక్కుని అడాజణ్‌లో ఒక పెద్దావిడ ఇంట్లో గది చూపించాడు. ఆవిణ్ణి అందరూ "బా" అంటారు, అంటే అమ్మ. డెబ్బై దాటిన మనిషి. నన్ను గుమ్మంలో నిలబెట్టే నాలుగు షరతులు చెప్పింది. పదింటికల్లా తలుపు వేసేస్తుంది. వంటింట్లోకి చెప్పులతో రాకూడదు. ఫ్రిజ్‌లో గుడ్డు పెట్టకూడదు. నాలుగోది నాకు అర్థం కాలేదు, అయినా తలూపాను.

గుడ్డే వద్దన్న ఇంట్లో నా సంచిలో రొయ్యలు! సీసాని రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి, టవల్‌లో దోపి, సూట్‌కేసు అడుగున పెట్టి తాళం వేశాను. రాత్రి పడుకుంటే వాసన వస్తోందేమోనని టెన్షన్. నా ముక్కుకి వచ్చిందో, మనసుకే వచ్చిందో తెలీదు. మర్నాడు పొద్దున్నే బాకి ఓ డబ్బాడు తొక్కుడు లడ్డు ఇచ్చాను, లంచంలాగా. ఒకటి కొరికి కళ్ళు మూసుకుని "మగజ్" అంది. శనగపిండి, నెయ్యితో వాళ్ళు చేసుకునే మిఠాయి అది. బెల్లంతో ఎలా చేశారని పావుగంట అడిగింది. నాకు రాని గుజరాతీలో పాకం గురించి చెప్పడం ఆ ఏడు వారాల్లో నేను చేసిన అన్ని పనుల కన్నా కష్టం.

మిల్లు పాండేసరాలో. ఉధ్నా దర్వాజా దగ్గర నీలం రంగు బీఆర్‌టీఎస్ బస్సు ఎక్కాలి. అక్కడిదాకా షేర్ ఆటో, తాపీ నది మీద వంతెన దాటి. ఊరంతా మెట్రో కోసం తవ్వేసి ఉంది, రోజూ దారి మారుతుంది. పాండేసరా దగ్గరపడుతుంటే ముందు ఆవిరి, తర్వాత బొగ్గు పొగ, ఆ తర్వాత ఉడుకుతున్న పాలిస్టర్ వాసన వరసగా తగులుతాయి. మొదటి వారం ముక్కు మూసుకున్నాను. రెండో వారానికి ఆ వాసనని బట్టి దిగాల్సిన స్టాపు తెలిసేది.

పని గురించి కొంచెం చెప్పాలి. ఈ మిల్లుల్లో గుడ్డ చాలామటుకు మిల్లువాళ్ళది కాదు. రింగ్ రోడ్డు మీద టెక్స్‌టైల్ మార్కెట్లలో కూర్చునే వ్యాపారి, రంగు వెయ్యని గుడ్డ పంపిస్తాడు. దాన్ని గ్రే అంటారు. మిల్లు మీటరుకింత అని తీసుకుని, కడిగి, రంగేసి, ప్రింటు కొట్టి, స్టెంటర్ మీద సాగదీసి, మడతపెట్టి తిరిగిస్తుంది. ఒక్కో చుట్ట పేరు తాకా, సుమారు వంద మీటర్లు. వేడికి గుడ్డ ముడుచుకుంటుంది కాబట్టి వచ్చినంత తిరిగి వెళ్ళదు. తగ్గినదాన్ని షార్టేజ్ అంటారు. గొడవలన్నీ అక్కడే.

కాకా ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఈ లెక్కలు ఎర్ర అట్ట చోప్డాలో రాస్తున్నాడు. నా కంప్యూటర్‌ని అల్లుడితో పాటు వచ్చిన పిలవని చుట్టాన్ని చూసినట్టు చూసేవాడు. రెండో వారంలో ఒక లాటు దగ్గర పేచీ వచ్చింది. వ్యాపారి చలానాలో 105 మీటర్లు, మిల్లులో దింపుకుని కొలిస్తే 103, తయారయ్యాక 98. సాఫ్ట్‌వేర్ షార్టేజ్ 7 అని చూపించింది. చోప్డాలో 5. మిషన్ తప్పు చెప్పదని నేను వాదించాను. కాకా అరవలేదు. "నా గుమ్మంలోకి రాని రెండు మీటర్లకి నేనెందుకు జవాబు చెప్పాలి?" అన్నాడు. అంతే. మా ప్రోగ్రాం చలానా అంకెని పట్టుకుంది, కాకా కొలిచిన అంకెని పట్టుకున్నాడు. విజయవాడకి ఫోన్ చేసి అది మార్పించడానికి వారం పట్టింది. ఇన్నాళ్ళూ వేరే మిల్లుల్లో ఎన్ని రెండేసి మీటర్లు మా సాఫ్ట్‌వేర్ మింగిందో అని ఆ వారమంతా నిద్ర సరిగ్గా పట్టలేదు. ఆ తర్వాత నుంచి కాకా మధ్యాహ్నం తన డబ్బా నా బల్ల మీదకే తెచ్చుకునేవాడు.

"సూరత్‌ను జమణ్, కాశీను మరణ్" అని ఇక్కడివాళ్ళు రోజుకోసారైనా అంటారు. తింటే సూరత్‌లో తినాలి, పోతే కాశీలో పోవాలట. మొదట్లో పప్పులో బెల్లం చూసి ఈ సామెత రాసినవాడికి దండం పెట్టాను. లోచో తిన్నాక కొంచెం మెత్తబడ్డాను. శనగపిండిని ఆవిరి మీద ఉడికించే ఖమణ్ చెయ్యబోయి పిండి పలచనై పాడైతే, పారెయ్యకుండా నూనె, సేవ్ (సన్న కారప్పూస), ఉల్లిపాయ వేసి అమ్మారని చెప్పుకుంటారు. లోచో అన్న మాటకే గందరగోళం అని అర్థం. మన ఉప్మా పెసరట్టు పుట్టుక గురించి ఇంత నిజాయితీగా ఎవరైనా చెప్పారా?

ఇంక పోంక్. జనవరిలో రోడ్డు పక్కన గుడారాలు వేసి పచ్చజొన్న కంకుల్ని నిప్పుల్లో కాల్చి, కొట్టి, లేత గింజలు అమ్ముతారు. నిమ్మకాయ కారం సేవ్‌తో కలిపి తింటారు. గుప్పెడు నోట్లో వేసుకోగానే కదిలిపోయాను. ఇది మా అమ్మమ్మ కొంగులో కట్టుకొచ్చే ఊచబియ్యం! మన దగ్గర ఇప్పుడు పిల్లలకి ఆ మాటే తెలీదు. ఇక్కడ దానికోసం జనం కార్లలో వచ్చి లైన్లో నిలబడుతున్నారు.

సంక్రాంతి రోజు ఏడుస్తూ కూర్చుంటానని అనుకున్నాను. ఇక్కడ దాన్ని ఉత్తరాయణ్ అంటారు. పది రోజుల ముందు నుంచే వీధుల్లో స్తంభాలకి దారం చుట్టి, గాజుపొడి కలిపిన గులాబీ రంగు పూస్తుంటారు. స్కూటర్లన్నీ ముందు భాగంలో ఇనప కమ్మీ వంచి బిగించుకుంటాయి, దారం మెడకి తగలకుండా. పండగ రెండు రోజులూ ఫ్లైఓవర్ల మీద టూవీలర్లని రానివ్వరు. పొద్దున ఆరున్నరకే బా తలుపు కొట్టింది. ఊళ్ళో నేల మీద మనుషులే లేరు, అందరూ డాబాల మీదే. ఎవరి గాలిపటం తెగినా నాలుగు మేడల నుంచి "కాయ్‌పో ఛే" అని అరుపు. బా కూడా అరిచింది. అంతటితో ఆగలేదు, పక్క మేడ కుర్రాణ్ణి సూర్తీ తిట్టు ఒకటి తిట్టింది. దాని అర్థమేంటని కాకా భార్యని అడిగితే ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సూర్తీలు ప్రేమ ఎక్కువైతేనే తిడతారని మాత్రం చెప్పింది.

మధ్యాహ్నం ఉంధియు, అన్ని కూరగాయలూ కలిపి వండే పండగ కూర. కంద్ వేశామంటే మన కంద అనుకుని దురద పెడుతుందేమోనని నీళ్ళగ్లాసు పక్కన పెట్టుకున్నాను. తీరా చూస్తే ఊదారంగు పెండలం. మన కందని వాళ్ళు సూరణ్ అంటారు. పెండలం, చిక్కుడు, బుల్లి వంకాయలు, మెంతికూర ఉండలు, అన్నింటి మీదా పచ్చి వెల్లుల్లి ఆకు. పక్కన జిలేబీ. మావాడికి వీడియో కాల్ చేసి ఆకాశం చూపించాను. వాడు నన్ను పట్టించుకోలేదు, "ఆ ఎర్రది ఎవరిదమ్మా?" అని అడుగుతూనే ఉన్నాడు.

సీసా ఇంకా సూట్‌కేసులోనే ఉంది. అయిదో వారంలో కాకా "మీ వాళ్ళు లింబాయత్‌లో ఉంటారు, వెళ్ళి చూడు" అన్నాడు. ఆదివారం ఆటోలో వెళ్ళాను, సీసా చేతి సంచిలో పెట్టుకుని. వీధి మలుపు తిరగగానే దుకాణం బోర్డు మీద తెలుగు అక్షరాలు కనిపించాయి. తెలంగాణ నుంచి మగ్గాల పని కోసం వచ్చి స్థిరపడిన పద్మశాలీలు. మున్సిపాలిటీ వాళ్ళు తెలుగు మీడియం బడి కూడా నడుపుతారు. కూరల బండి మీద గోంగూర కట్టలు చూసి నేను ఎంత ధర అని తెలుగులో అడిగేసరికి, అరుగు మీద కూర్చున్న ముసలావిడ తల తిప్పింది.

"ఏ ఊరు బిడ్డా?"

"బందరండీ."

"గదేడుంటది?"

విజయవాడ అవతల, సముద్రం దగ్గర అని చెప్పాను. ఆవిడది సిరిసిల్ల పక్కన పల్లె. పెళ్ళయి వచ్చి యాభై ఏళ్ళు. మగ్గాల మోత మధ్యే పిల్లల్ని పెంచిందట. మనవడు తెలుగు అర్థం చేసుకుంటాడు, జవాబు మాత్రం హిందీలో చెప్తాడు. లోపలికి రమ్మంది. సర్వపిండి పెట్టింది. నేను అంతకుముందు ఎప్పుడూ తినలేదు. తెలంగాణ వంట మొదటిసారి గుజరాత్‌లో తిన్నానంటే మా ఆఫీసులో వరంగల్ అమ్మాయి ఇప్పటికీ నన్ను క్షమించలేదు. లేవబోతూ సంచిలోంచి సీసా తీసి ఇచ్చాను. ఆవిడ మూత తిప్పి వాసన చూసి, "రొయ్యల తొక్కా? ఇన్నొద్దులు ఏడ దాచినవ్ బిడ్డా!" అంది. అన్నం వండించి, అక్కడే ఇద్దరం కలుపుకుని తిన్నాం. నాలుగో ముద్దకి నాకు ముక్కు కారింది, కారానికే.

ఒక విషయం మాత్రం నన్ను వదలలేదు. రాత్రిళ్ళు రోడ్లు ఊడ్చే ఊరు ఇది. పడుకునేముందు కిటికీలోంచి చీపుళ్ళ చప్పుడు వినిపించేది. 1994లో ఇక్కడ ప్లేగు వచ్చి జనం రైళ్ళ మీద పడి పారిపోయారు. మర్నాటి ఏడు కమిషనరుగా వచ్చినాయన ఊరిని కడిగించాడని బా ఇప్పటికీ "రావ్ సాహెబ్" అని చెయ్యి గుండె మీద పెట్టుకుని చెప్తుంది. పేరు సూర్యదేవర రామచంద్రరావు. ఆ ఇంటిపేరు విని నేను కుర్చీలో సర్దుకు కూర్చున్నాను, నాదేదో వాటా ఉన్నట్టు.

కతార్‌గాం వైపు డచ్చివాళ్ళ సమాధులు కూడా చూశాను. బందరులో పెరిగినదాన్ని, మా ఊళ్ళోనూ ఉన్నాయి కదా అనుకుని వెళ్ళాను. మావి పడుకోబెట్టిన రాళ్ళు. ఇక్కడివి గుమ్మటాలు, స్తంభాలు, నవాబులవి అనుకునేంత. ఇంగ్లీషువాళ్ళ ఓడ 1608లో సూరత్ రేవుకి వచ్చింది, 1611లో బందరుకి. మూడేళ్ళు తేడా. ఇప్పుడు ఇక్కడ కోట్ల మీటర్ల గుడ్డ, మా బందరు పక్క పెడనలో అద్దకం బల్లలు. సరే, ఆ లెక్క మొదలుపెడితే ఇంకో పోస్టు అవుతుంది.

ఆఖరి ఆదివారం బా, కాకా కుటుంబం, నేను డుమస్ బీచ్‌కి వెళ్ళాం. నల్ల ఇసక. మంగినపూడి బురద గుర్తొచ్చి ఏమీ కొత్తగా అనిపించలేదు. ఆటు మీదున్న నీళ్ళు ఎక్కడో దూరంగా ఉన్నాయి. టమాటా బజ్జీలు తింటూ కూర్చుంటే సూర్యుడు సముద్రంలోకి దిగిపోయాడు. నేను పుట్టిన దగ్గర్నుంచి సముద్రంలోంచి లేవడమే చూశాను. బాకి ఆ మాట చెప్తే నమ్మలేదు. సముద్రంలోంచి ఎలా లేస్తాడు, దీక్రీ, తడిసిపోడూ?

ఫిబ్రవరిలో ఇంటికొచ్చాను. మావాడు నేను తెచ్చిన గులాబీ గాలిపటం దారం చరఖా పట్టుకుని వీధిలోకి పరిగెత్తాడు. అమ్మ కంచం పెట్టి, అన్నం, ముద్దపప్పు, ఆవకాయ, మళ్ళీ అన్నం వడ్డిస్తోంది. నాకు తెలీకుండానే "బస్, బస్" అన్నాను.

అమ్మ గరిటె పట్టుకుని ఆగిపోయింది. "ఏ బస్సే? ఇప్పుడేగా దిగావు!"