ఫ్లేమ్ స్కాలప్ కొనే ముందు ఒక్క మాట

రీఫ్ ట్యాంక్, అంటే పగడాలు పెంచే ఉప్పునీళ్ళ అక్వేరియం పెట్టిన ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు ఈ ఫ్లేమ్ స్కాలప్ అనే ఎర్రటి ఆల్చిప్పకి పడిపోతారు, నేనూ పడ్డాను. ఎర్రటి కండ, అంచు చుట్టూ జూలులా ఊగే టెంటకిల్స్, రెండు చిప్పల మధ్యలోంచి నాలుక బయటపెట్టి వెక్కిరిస్తున్నట్టు ఉంటుంది. ఏం తింటుందండీ అని కొట్లో అడిగితే నీళ్ళల్లో ఉన్నదే తింటుంది, ప్రత్యేకంగా ఏమీ పెట్టక్కర్లేదు అన్నారు. అబద్ధమేం కాదు. కాకపోతే నా నీళ్ళల్లో ఏమీ లేదు, అదీ అసలు సంగతి.

నీళ్ళల్లో ఏమైనా ఎలా మిగులుతుంది చెప్పండి, మనం ఈ హాబీలో నేర్చుకునేదే నీళ్ళని అద్దంలా ఉంచడం, దానికోసం నురగతో మురికి లాగే స్కిమ్మర్ ఒకటి, నీళ్ళు వడకట్టే ఫిల్టర్ సాక్ ఒకటి, కొందరైతే తేలే పాచిని చంపే యూవీ లైటు కూడా పెడతారు. ఆల్చిప్పేమో మొప్పల మీది సన్నటి వెంట్రుకల్తో నీళ్ళు లోపలికి లాక్కుని, అందులో తేలే కొన్ని మైక్రాన్ల పాచి కణాల్ని జిగురుకి అంటించుకుని తింటుంది. మనం పారబోసేదే దాని భోజనం అన్నమాట.

మొదటిదాన్ని ఎదురుగా కనపడాలని ఇసుక మీద పెట్టాను. తెల్లారేసరికి లేదు. చిప్పలు టపటపా కొట్టుకుంటూ ఈదుకెళ్ళి వెనకాల రాయి సందులో దారాలతో కట్టేసుకుని కూర్చుంది. దానికి కావాల్సిందే ఆ నీడ, అది తెలియక రెండుసార్లు పీకి ముందుకి తెచ్చాను, ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది, ఆ దారాలు లాగితే లోపల కండ చిరిగిపోవచ్చు కూడా.

నాలుగు నెలలు బాగానే ఉంది, అంటే బాగానే ఉందని నేను అనుకున్నాను. చేప తిండి మానేస్తే మనకి తెలుస్తుంది, ఇది తన ఒంట్లో దాచుకున్నది కరిగించుకుంటూ నెలల తరబడి నెట్టుకొస్తుంది, బయటికి మాత్రం అదే ఎరుపు, అదే జూలు. ఐదో నెల్లో కండ లోపలికి కుంచించుకుపోయింది, నీడ పడితే టక్కున మూసుకునేది కాస్తా బద్ధకంగా మూసుకోవడం మొదలెట్టింది. ఒకరోజు పొద్దున చూస్తే చచ్చిపోయి ఉంది, చుట్టూ హెర్మిట్ పీతలు చేరాయి. ఆరోజు నీళ్ళు పరీక్ష చేస్తే నైట్రేట్, అంటే మిగిలిన తిండీ మలమూ కుళ్ళితే చేరేది, సున్నా. ఆ సున్నా చూసుకుని నేను తెగ మురిసిపోయేవాణ్ణి!

రెండోది తెచ్చాక ఫైటో, అంటే నీళ్ళల్లో తేలే సన్నటి పాచి, పెట్టడం నేర్చుకున్నాను. అదీ మొదట్లో తప్పే చేశాను, సిరంజితో పచ్చటి నీళ్ళు నేరుగా దాని మొహాన కొట్టాను. కాసేపటికి పక్కనుంచి పచ్చగా జిగురు తీగలు వచ్చాయి, అబ్బ తిని అరిగించుకుంది అని సంబరపడ్డాను. అది తిన్నది కాదట, ఎక్కువైపోయి తినకుండానే జిగురులో చుట్టి ఉమ్మేసింది. ఇప్పుడు డోసింగ్ పంప్‌తో రోజంతా చుక్కా చుక్కా పోస్తున్నా, రాత్రి ఓ రెండు గంటలు స్కిమ్మర్ ఆపుతున్నా. ఒకే రకం కాకుండా 2 మైక్రాన్ల నానోక్లోరాప్సిస్, 5 దగ్గర ఉండే ఐసోక్రైసిస్, ఇంకాస్త పెద్ద టెట్రాసెల్మిస్, ఈ మూడు రకాల పాచీ కలిపి. దీనివల్ల నైట్రేట్, ఫాస్ఫేట్ ఎక్కుతాయి, అద్దం రెండ్రోజులకోసారి గీకాల్సిందే, సంప్‌లో, అంటే ట్యాంక్ కింద ఉండే తొట్టిలో, వాటిని పీల్చుకునే కీటోమార్ఫా అనే నాచు పెంచుతున్నాను కాబట్టి అదుపులో ఉంది. ట్యాంక్ పెట్టి ఏడాది కూడా కాకపోతే మాత్రం దీని జోలికి వెళ్ళకండి.

అన్నట్టు డిస్కో క్లామ్ అని ఇంకో ఆల్చిప్ప, దాని లోపల కరెంటు మెరుపులా కనిపిస్తుంది కదా, అది సొంత వెలుగు కాదు, పెదవి అంచున ఉన్న సన్నటి సిలికా గుళికలు బయటి వెలుతురుని వెనక్కి కొడతాయి, 2014లో ఆ సంగతి తేల్చారు. ఆకలి విషయంలో అదీ దీనికి చుట్టమే. ట్రైడాక్నా అనే రాకాసి ఆల్చిప్ప కథ వేరు, దాని కండలోనే పాచి కాపురముంటుంది, మంచి లైటు ఉంటే సగం పైగా తిండి అక్కడే దొరుకుతుంది, అందుకే ఆల్చిప్పలన్నీ ఈజీ అనే మాట పుట్టిందేమో.

రెండోది వచ్చి 14 నెలలైంది. బతికుందా అని కాదు, పెరుగుతోందా అని చూస్తున్నాను ఇప్పుడు, పెరిగితే చిప్ప అంచున పల్చగా తెల్లటి కొత్త గీత వస్తుంది. కదిలించకుండా నెలకోసారి అదే కోణంలో ఫోటో తీస్తున్నా. పోయిన నెలకీ ఈ నెలకీ తేడా నాకు కనపడుతోంది, మా ఇంట్లోవాళ్ళకి మాత్రం కనపడట్లేదట.