గట్టు మట్టిదా, సిమెంటుదా?

ఆదివారం, రాత్రి పది దాటింది.

పొద్దున ఏడింటికల్లా తలస్నానం చేసి, జడ వేసుకుని మరీ లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. "హాల్ టికెట్ తెచ్చుకున్నావా?" అని మా ఆయన ఒక చురక వేసి కాఫీ కప్పు పక్కన పెట్టి వెళ్లారు. ఆదివారం ఎనిమిది గంటలకు, కోడింగ్ లెక్కలు ఇచ్చి దిద్దే సైటు లీట్‌కోడ్‌లో వారపు పోటీ. గంటన్నర సమయం, నాలుగు లెక్కలు. నేను వాటిని లెక్కలనే అంటాను. ప్రాబ్లమ్స్ అనడానికి మనసొప్పదు, ఈ ఇంట్లో ఆ మాటకు వేరే అర్థాలు ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి.

మొదటి లెక్క ఆరు నిమిషాల్లో అయింది. రెండోది కూడా అయిపోయినట్టే అనుకుని పంపించాను. తప్పు అని ఎర్రటి అక్షరాలు. లక్ష సంఖ్యలు, ఒక్కొక్కటి వంద కోట్ల దాకా ఉండవచ్చు, వాటన్నిటినీ కూడాలి. ఆ మొత్తాన్ని నేను జావా భాషలో 'ఇంట్' అనే చిన్న డబ్బాలో పెట్టాను. ఇంట్ 214 కోట్ల చిల్లర దాటగానే తిరగబడి మైనస్‌లోకి వెళ్లిపోతుంది. దాన్ని 'లాంగ్' అనే పెద్ద డబ్బాగా మార్చగానే సరిపోయింది కానీ తప్పు పంపినందుకు ఐదు నిమిషాల జరిమానా పడింది. ఇలాంటప్పుడు నేను జాషువా బ్లాక్‌ను తలుచుకుంటాను. జావా లైబ్రరీలో బైనరీ సెర్చ్, అంటే వరుసలో ఉన్నవాటిని సగం సగం చేస్తూ వెతికే పద్ధతి, రాసింది ఆయనే. అందులో రెండు హద్దులను కూడి సగం చేసే చోట ఇదే జాతి పొరపాటు దొర్లింది. సుమారు తొమ్మిదేళ్లు అది ఎవరి కంటా పడకుండా ఉండిపోయింది. 2006లో ఆయనే ఆ సంగతి బయటపెట్టి రాశారు. అంతటివాడికే తప్పలేదని సర్దిచెప్పుకున్నాను. ఆయనకు మాత్రం ఎవరూ ఐదు నిమిషాల జరిమానా వేసి ఉండరు.

మూడోది దక్కలేదు. దారి కనిపించక లూపులో లూపు పెట్టి పంపాను. లక్షకు లక్ష అంటే వెయ్యి కోట్ల పనులు. సెకనుకు పది కోట్లకు మించి ఆశించకూడదని మా వాడుక లెక్క. వంద సెకన్లు ఎవరు ఆగుతారు? సమయం మించిందని తిప్పికొట్టింది. పని జరగదని తెలిసి కూడా పంపాను. నాలుగోదాని ప్రశ్న కూడా పూర్తిగా చదవలేదు. తొమ్మిదిన్నరకు లాప్‌టాప్ మూసి ఇడ్లీ పిండి తీశాను.

నిజానికి ఈ రోజు రాయాలనుకున్నది పోటీ గురించి కాదు. శుక్రవారం వచ్చిన మెయిల్ గురించి. రెండు రోజులుగా దాన్ని దాటవేస్తున్నాను.

పోయిన వారం ఒక కంపెనీలో ఇంటర్వ్యూ అయింది. వీడియో కాల్, ఒక ఖాళీ పేజీ, అవతల నెమ్మదిగా మాట్లాడే ఒక మనిషి. రెండు జాబితాలు ఇస్తాం, రెండింట్లోనూ ఉన్నవి తీసి చూపించండి అన్నారు. నాకు లోపల పండగే. లీట్‌కోడ్‌లో 349వ లెక్క అది. ఒక్కో విలువను ఒక్కసారే దాచుకునే హ్యాష్ సెట్ తీసుకుని ఆరేడు నిమిషాల్లో రాసేసి, ఎంత బాగా చేశానో చూడండన్నట్టు చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఆయన కాసేపు చూసి, "ఒకే విలువ రెండుసార్లు వస్తే?" అన్నారు. అప్పుడు గుర్తొచ్చింది, 350వ లెక్క అదేనని. ఒకటి చొప్పున తీయమన్నది 349, ఎన్నిసార్లు ఉంటే అన్నిసార్లు తీయమన్నది 350. రెండూ చేశాను. రెంటికీ పచ్చటి టిక్కు ఉంది. ఆయన అడిగింది ఏదో మాత్రం నేను అడగలేదు. తరువాత, "రెండో జాబితా మెమరీలో పట్టనంత పెద్దదైతే?" అన్నారు. అది కూడా 350వ లెక్క కిందనే అదనపు ప్రశ్నగా ఉంటుంది. దానికి టిక్కు రాదు కాబట్టి నేను ఏనాడూ అక్కడ ఆగలేదు.

మెయిల్‌లో మామూలు మర్యాద మాటలే ఉన్నాయి. కారణం రాయలేదు. రాయనక్కర్లేదు కూడా.

నన్ను ఎక్కువ కుదిపినది ఇంకొకటి. ఆరేళ్లుగా నా ఉద్యోగం టెస్టింగ్. పొద్దున నుంచి సాయంత్రం దాకా "ఇది ఖాళీగా వస్తే?", "రెండుసార్లు నొక్కితే?", "పేరులో చుక్క ఉంటే?" అని అడగడానికే నాకు జీతం ఇస్తున్నారు. డెవలపర్లు నన్ను చూస్తే పక్క వరుసలోంచి వెళ్లిపోతారు. అలాంటి నేను ఆ రోజు ఒక్క ప్రశ్న కూడా వేయకుండా కోడ్ మొదలుపెట్టాను! అలవాటు ఎక్కడ తప్పిందో నిన్నంతా ఆలోచించాను.

నేను లెక్కను కింది నుంచి చదువుతాను. ఈ సైట్లు వాడే చాలామంది అంతే చేస్తారు, పైకి చెప్పరు. ప్రతి లెక్క అడుగునా పరిమితులు రాసి ఉంటాయి. సంఖ్యలు 20కి మించవని ఉంటే అన్ని కలయికలూ చూసేయవచ్చు, రెండును ఇరవై సార్లు హెచ్చిస్తే పది లక్షల చిల్లరే. లక్ష వరకు అని ఉంటే వరుసలో పెట్టే సార్టింగో, అన్నిటికన్నా చిన్నదాన్నో పెద్దదాన్నో పైన ఉంచే హీపో. వందకోట్లు అని ఉంటే జవాబు మీదే బైనరీ సెర్చ్ చేయాలేమో. కథ చదవకుండానే సగం దారి తెలిసిపోతుంది. జాబితా ఖాళీగా ఉండదని, సంఖ్యలు రుణాత్మకం కావని కూడా అక్కడే హామీ ఇచ్చేస్తారు. ఏడు నెలలుగా ఎవరో ముందే జవాబిచ్చి పెట్టిన ప్రశ్నలను చదువుతూ వచ్చాను, అడగడం దానంతటదే ఊడిపోయింది. సైటును తప్పు పట్టడం లేదు. యంత్రం దిద్దాలంటే ఆ హద్దులన్నీ ముందే గీయక తప్పదు. ఇంటర్వ్యూ చేసే మనిషి కావాలనే గీయడు, అంతే తేడా.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నాన్నకు కంట్లో చుక్కలు వేశాను. శుక్లం ఆపరేషన్ అయి పది రోజులైంది, రోజుకు నాలుగుసార్లు వేయాలి. నల్లద్దాలు పెట్టుకుని సోఫాలో పడుకుని ఊసుపోక, "పొద్దున ఏదో పరీక్ష రాశావట, ఏమిటమ్మా అది?" అన్నారు. ఇలాంటి లెక్కలు నాన్నా అని మొదలుపెట్టాను. ఆయన తెర చూడలేరు కాబట్టి బొమ్మ చూపించి తప్పించుకునే వీలు లేదు, అంతా నోటితోనే చెప్పాలి. నాన్న బందరు కాలువ మీద లస్కరుగా, అంటే కాలువ గట్లూ నీళ్లూ చూసుకునే పనిలో ఉండి రిటైరయ్యారు. అందుకని 42వ లెక్క ఎత్తుకున్నాను. గోడలు వరుసగా నిలబెట్టి ఉన్నాయి, ఎత్తులు ఇస్తారు, వాన పడితే మధ్యలో ఎన్ని నీళ్లు నిలుస్తాయో చెప్పాలి.

"గోడలేమిటి, గట్లను" అన్నారు.

సరే, గట్లే. సున్నా, ఒకటి, సున్నా, రెండు, ఒకటి, సున్నా, ఒకటి, మూడు అంటూ పన్నెండు ఎత్తులూ చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

"గట్టు మట్టిదా, సిమెంటుదా?"

"అదంతా ఉండదు నాన్నా."

"ఉండకపోవడమేమిటి, మట్టిదైతే ఇంకుతుంది కదా. వాన ఎంతసేపు పడింది?"

"నిండేదాకా పడిందనుకోండి."

"అనుకోవడం కాదు, అది ముందు చెప్పాలి. ఈ చివరి గట్టుకు అవతల ఏముంది? ఇంకొకరి చేనా, కాలువా?"

అక్కడ నాకు నవ్వు ఆగిపోయింది. మొదటి రెండూ ఆ లెక్కకు అక్కర్లేనివే. మూడోది మాత్రం అసలైన ప్రశ్న. చివర్ల అవతల ఏమీ లేదు, నీళ్లు పడిపోతాయి. రెండు చివరల నుంచి లోపలికి నడిచే పద్ధతి మొత్తం ఆ ఒక్క సంగతి మీద నిలబడుతుంది. ఆయనకు పరిమితులు ఎవరూ చదివి వినిపించలేదు, అందుకే అడిగారు.

తరువాత ఎవరూ అడగకుండానే, "ఎటు గట్టు పొట్టిదైతే అటు చూసుకోవాలి, నీళ్లు దాని మాటే వింటాయి" అన్నారు. ఈ ముక్క తెలుసుకోవడానికి నాకు రెండు సాయంత్రాలు పట్టింది. అది కూడా వేరేవాళ్ల జవాబు చూశాక. ఇక ఆయనే లెక్క కట్టేస్తారేమోనని ఎదురుచూశాను. లేదు, ఐదో గట్టు దగ్గర వరుస మరిచిపోయి విసుగుపడ్డారు. జవాబు ఆరు అని నేనే చెప్పాను.

"ఆరేమిటి?"

"ఉత్తి ఆరే నాన్నా."

"ఆరు బిందెలో, ఆరు చెరువులో చెప్పకుండా ఆరు అంటే ఎవరు సంతకం పెడతారు?" అని అటు తిరిగి పడుకున్నారు. కాసేపటికి, "ఇంత చిన్నదానికి ఉద్యోగం ఇస్తారా?" అన్నారు. ఇవ్వలేదని చెప్పలేదు. శుక్రవారం మెయిల్ సంగతి ఆయనకు తెలియదు.

సాయంత్రం గోడ మీది క్యాలెండర్‌లో పోయిన నెల కాగితం చింపి, లాప్‌టాప్ తెర కింది సగానికి టేపుతో అంటించాను. మా ఆయన చూసి ఏమీ అనలేదు, ఆ మౌనానికి అర్థం నాకు తెలుసు. కలిసే సమయాలను కలిపేసే 56వ లెక్క తెరిచాను. ఇదివరకు చేసినదే అయినా పరిమితులు గుర్తు లేవు. కోడ్ ముట్టుకోకుండా నోటుబుక్కులో ప్రశ్నలు రాశాను. జాబితా ఖాళీగా రావచ్చా? మొదలు కన్నా ముగింపు ముందు ఉండవచ్చా? వరుసలో ఇస్తారా, కలగాపులగంగానా? ఒకటి ముగిసిన చోటే ఇంకొకటి మొదలైతే కలిసినట్టా, కానట్టా? ఎన్ని ఉంటాయి? ఐదు ప్రశ్నలకు పావుగంట పట్టింది, ఆఫీసులో అయితే ఈ పాటికి పాతిక రాసేదాన్ని. పైకి చదివి ఫోనులో రికార్డు చేసి విన్నాను. ప్రతి వాక్యం ముందూ "అంటే" అంటున్నాను. భరించడం కష్టంగా ఉంది.

కాగితం ఎత్తి చూశాను. నాలుగింటికి జవాబులు అడుగున, ఉదాహరణల్లో దొరికాయి. వరుస గురించి మాత్రం నేరుగా ఎక్కడా రాసి లేదు. అంటే వరుసలో రావని అనుకుని మనమే సార్ట్ చేసుకోవాలి. ఇదివరకు ఈ లెక్క చేసినప్పుడు అలవాటుగా సార్ట్ చేశాను కానీ, ఎందుకు చేశానని ఎవరైనా అడిగి ఉంటే నీళ్లు నమిలేదాన్ని.

రేపటి నుంచి మళ్లీ ఆఫీసు. బుధవారం ఇంకో చోట మొదటి రౌండు ఉంది. సైటు రోజుకొకటి ఇచ్చే లెక్కల్లో ఈ రోజుటిది ఇంకా పంపలేదు, పంపకపోతే రోజూ తప్పకుండా పంపిన 140 రోజుల వరుస తెగిపోతుంది. అయితే ఆ సైటులో రోజు మారేది మన తెల్లవారుజామున ఐదున్నరకు. నాన్నకు రాత్రి చుక్కలు వేయాలి, మినప్పప్పు నానబెట్టాలి. అలారం నాలుగున్నరకు పెట్టాను. కాగితం తీయలేదు, అలాగే ఉంచి లాప్‌టాప్ మూశాను.