అన్నయ్యగారి ప్రశ్న, చందుర్తి లెక్క

చిన్న చిన్న సైనికుల బొమ్మలకి రంగులు వేయడం నా సరదా. ఈ ఏడాది ఏ నెలలో ఏవి వేయాలో రాసి ఫ్రిజ్ మీద అంటించిన కాగితం ఎవరూ చదవరనుకున్నాను. అన్నయ్యగారు చదివారు. మంచినీళ్ళ సీసా కోసం వెళ్ళి, జనవరి నుంచి డిసెంబరు దాకా వేలు పెట్టి మరీ చదువుకుని, హాల్లోకి వచ్చి, "ఏమ్మా, ఏడాదికి సరిపడా ప్లాన్ వేశావంటే సీరియస్సే. ఇంతకీ ఒక్కో బొమ్మకీ ఎంతొస్తుంది?" అన్నారు. ఏమీ రాదండీ, నేను అమ్మను, అన్నాను. "మరి దేనికి?" అన్నారు. వెటకారం ఏమీ లేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగారు. అందుకే ఇంకా మండింది.

వాళ్ళు వెళ్ళిపోయి, వంటిల్లు సర్దేసి, చిన్నది పడుకున్నా ఆ "మరి దేనికి" నన్ను వదల్లేదు. అన్నయ్యగారు ఆదివారం వచ్చిందంటే పేకాటకి కూర్చుంటారు, ఎంతొస్తుందని మేమెప్పుడైనా అడిగామా? (వచ్చేదానికంటే పోయేదే ఎక్కువని వదినే చెప్పింది, నేనన్న మాట కాదు.) వదిన ధనుర్మాసం అంతా చలిలో లేచి గేటు దాకా ముగ్గు పెడుతుంది, పాలవాడి బండి దాని మీద నుంచే పోతుంది, దానికీ ఎవరూ రేటు అడగరు. అయిదు రోజుల టెస్ట్ మ్యాచ్ చూసి లేచినవాణ్ణి కూడా ఎవరూ ఏమీ అనరు. బొమ్మకి రంగు వేస్తే మాత్రం అమ్మాలి, లేదా క్లాసులు చెప్పాలి, అదీ కాకపోతే యూట్యూబ్‌లో పెట్టాలి.

మా ఆయన నన్ను కాపాడదామని మధ్యలో దూరి, "తనకి అది టెన్షన్ తగ్గడానికండీ, ఆఫీసు ప్రెషర్ కదా" అన్నారు. దానికంటే అన్నయ్యగారి మాటే నయం. ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల బొమ్మకి, అంటే బొటనవేలి పైకణుపు అంత మనిషికి, కోటు అంచున తెల్లగీత గీయడమంటే ఊపిరి బిగబట్టి చేసే పని. కరెంటు ఫ్యాను ఆపేయాలి, కుంచె మొన ఒక్క వెంట్రుక పక్కకి తిరిగితే కింద వేసిన ఎరుపు మళ్ళీ వేసుకోవాలి. టెన్షన్ తగ్గించుకోవాలంటే నిద్రపోతాను గానీ ఇది చేస్తానా? పైగా మందులాగా చెప్తే అందరికీ అర్థమైపోతుంది, "అవునవును, ఏదో ఒక వ్యాపకం ఉండాలి" అనేసి టీవీ పెట్టుకున్నారు.

సరే, కాగితం సంగతి. ఈ ఏడాది ఒక్కటే ప్రాజెక్టు, చందుర్తి. కిందటేడు సగంలో అటకెక్కిన ఓర్క్‌ల (ఫాంటసీ కథల్లోని రాక్షసుల బొమ్మలు) గురించి కామెంట్లలో అడగొద్దు, అవి అక్కడ క్షేమంగా ఉన్నాయి. పిఠాపురం దగ్గర గొల్లప్రోలు పక్కన చందుర్తి ఉంది కదా, 1758 డిసెంబరు 7న ఇంగ్లీషువాళ్ళకీ ఫ్రెంచివాళ్ళకీ యుద్ధం జరిగిన చోటు. ఇంగ్లీషు పుస్తకాల్లో కాండోర్ అని ఉంటుంది. ఆ ఇంగ్లీషు సేనాపతి ఫోర్డ్ కలకత్తా నుంచి ఓడల్లో వచ్చి దిగింది మన విశాఖలోనే, ఆ అక్టోబరులో. బీచ్ రోడ్డు మీద వెళ్ళినప్పుడల్లా ఎక్కడ దిగి ఉంటారా అని చూస్తాను, మా చిన్నది ఐస్‌క్రీమ్ బండి కోసం చూస్తుంది.

ఫోర్డ్ దగ్గర అయిదొందల మందికి కాస్త తక్కువ యూరోపియన్లు, రెండు వేల దాకా సిపాయిలు. అవతల ఫ్రెంచి సేనాపతి కాన్‌ఫ్లాన్స్ దగ్గర అయిదొందల మంది యూరోపియన్లు, ఆరు వేల సిపాయిలు. నలభై మందికి ఒక బొమ్మ అనుకుంటే ఇటు అరవై చిల్లర, అటు నూట అరవై చిల్లర. నెలల లెక్క ఋతువుల్ని బట్టి వేశాను, అదొక్కటే ఆ కాగితంలో తెలివైన పని. ప్రైమర్, అంటే రంగుకి ముందు కొట్టే అడుగు పూత, మొత్తం జనవరి, ఫిబ్రవరిల్లో అయిపోవాలి. మన ఊరి గాలిలో తేమ పెరిగాక స్ప్రే చేస్తే బొమ్మ మీద బొంబాయి రవ్వ చల్లినట్టు గరుకుగా పడుతుంది, తర్వాత ఏ రంగు వేసినా ఆ గరుకు పోదు. పొద్దున్నే మంచులో కూడా కొట్టకూడదు, పది దాటాక డాబా మీద, అట్టపెట్టెలో పెట్టి పొట్టిపొట్టిగా కొట్టాలి. ఆ స్ప్రే డబ్బాలు విమానంలో ఎక్కించరు కాబట్టి అయిపోయిందంటే లారీ వచ్చేదాకా ఎదురుచూపులే. ఏప్రిల్, మే నెలల్లో ప్యాలెట్ మీద రంగు నిమిషంలో పెచ్చు కడుతుంది, అప్పటికి స్వీట్ డబ్బా మూతలో తడి స్పాంజీ, దాని మీద బేకింగ్ పేపరు. వానాకాలంలో సన్నపని. అక్టోబరు, నవంబరు తుఫాన్ల నెలలని ఖాళీగా వదిలాను, 2014 హుద్‌హుద్ తర్వాత కరెంటు లేక గడిపిన రాత్రులు గుర్తున్నవాళ్ళు నవ్వరు.

ఈ యుద్ధమే ఎందుకంటే, దీన్ని సగం గెలిపించింది ఒక రంగు. ఫోర్డ్ వెంట వచ్చిన బెంగాల్ సిపాయిలు ఎర్రకోట్లు వేసుకున్నారు. అసలు ఇంగ్లీషు పటాలం ఏమో ఎత్తైన మొక్కజొన్న చేను చాటున పడిపోయింది. (డిసెంబరులో ఆ నేలలో అంత ఎత్తు పంటంటే జొన్నే అయ్యుంటుందని నాన్న వాదన. పుస్తకాల్లో మొక్కజొన్న అనే ఉంది.) ఫ్రెంచివాళ్ళు ఎర్రకోట్లు చూసి ఇంగ్లీషువాళ్ళు వీళ్ళేననుకుని వాళ్ళ మీదకి దూకారు, సిపాయిలు చెదిరిపోయారు, తరుముకుంటూ ముందుకొచ్చిన ఫ్రెంచివాళ్ళని చేను చాటు నుంచి వచ్చిన అసలు పటాలం పక్కనుంచి కొట్టింది. కాన్‌ఫ్లాన్స్ గుర్రమెక్కి రాజమండ్రి దాకా ఆగలేదు.

కాబట్టి నాకు ఆ ఎరుపు సరిగ్గా రావాలి. అప్పట్లో మామూలు సైనికుడి కోటుకి మంజిష్ఠ వేరు రంగు, ఇటుక వైపు తిరిగిన మొద్దు ఎరుపు. ఆఫీసర్లకి మాత్రం కొచినీల్ పురుగు నుంచి తీసిన నిగనిగలాడే ఎరుపు. బొమ్మల మీద తిన్నగా సీసాలోని ఎరుపు పూస్తే అందరూ ఆఫీసర్లైపోతారు. ముందు గోధుమ ఎరుపు, మడతల్లోకి పల్చటి వాష్, అది పూర్తిగా ఆరాక మడత ఎత్తుల మీద మాత్రమే అసలు ఎరుపు, చివర భుజం అంచున నారింజ చుక్క. తెలుపు కలిపి వెలుగు తెద్దామంటే గులాబీ అవుతుంది, ఎరుపుతో వచ్చే తంటా అదే.

ఎరుపంటే నాకు ఏటికొప్పాకే గుర్తొస్తుంది. నాన్న ఎలమంచిలిలో పనిచేసే రోజులు. సెలవు రోజున సైకిలు ముందు కడ్డీ మీద నన్ను కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవారు, అక్కడ ఆయనకి తెలిసిన ఒక పెద్దాయన ఉండేవాడు, పేరు నాకెప్పుడూ తెలీదు, తాతా అనేదాన్ని. అంకుడు కర్ర ముక్క లేతు మీద గిర్రున తిరుగుతుంటే లక్క కడ్డీ ఆనించేవాడు. రాపిడికే వేడెక్కి లక్క కరిగి ఆ చెక్కంతా ఎర్రగా పాకిపోయేది, కుంచె లేదు, సీసా లేదు. తర్వాత మొగలాకు ముక్క మడిచి అదిమి పట్టేవాడు, అంతే, మొహం కనిపించేంత మెరుపు. కాలిన లక్క వాసన, పచ్చికర్ర పొట్టు వాసన కలిసి ఒకలాంటి తియ్యటి వాసన. ఒకసారి కడ్డీ నా చేతికిచ్చాడు. నేను గట్టిగా నొక్కేసరికి ఎరుపు ఒకచోట ముద్దగా గడ్డకట్టింది. ఆయన తిట్టలేదు, మెచ్చుకోలేదు, వెదురు బద్దతో ఆ గడ్డని తిరుగుతున్న చెక్క మీదే సాగదీసి సర్దేశాడు, కుంకుమ భరిణ అయిపోయింది. అడుగు ముక్కలన్నీ ఒక తట్టలో, మూతలన్నీ ఇంకో తట్టలో, ఒక భరిణ పూర్తిచేసి రెండోది మొదలుపెట్టే పనే లేదు. ఇప్పుడు నేను బెల్టులన్నీ ఒకరోజు, బూట్లన్నీ ఒకరోజు వేస్తున్నాను కదా, ఏదో ఇంగ్లీషు వీడియోలో నేర్చుకున్నాననుకున్నాను గానీ అక్కడ చూసిందే.

ఆయనకి మాత్రం ఒక్కో భరిణకీ ఎంతో వచ్చేది. వచ్చేది కాబట్టే ఎవరూ మరి దేనికి అనలేదు. ఇది రాస్తుంటే అన్నయ్యగారి మీద కోపం కొంచెం సడలింది, పూర్తిగా కాదు. ఆయన పెరిగిన ఇంట్లో చేతిపని అంటే పూట గడవడానికే చేసేవారు, డబ్బు రాని చేతిపని ఆయన చూసి ఉండరు. పేకాట సంగతి మాత్రం నేను వెనక్కి తీసుకోను.

అసలు ఆ కాగితంలో నన్ను గుచ్చింది ఇంకొకటి ఉంది, ఆయన వేలు పెట్టి చదువుతుంటే కనిపించింది. డిసెంబరు గడిలో చివర్న, "ఓపిక ఉంటే: రాజావారి మనుషులు" అని రాసుకున్నాను. విజయనగరం ఆనందగజపతిరాజు. బొబ్బిలి యుద్ధం 1757 జనవరిలో అయ్యాక విజయరామరాజు తాండ్ర పాపారాయుడి చేతిలో పోతే గద్దెక్కినాయన. ఫ్రెంచివాళ్ళ మీద తిరగబడి, విశాఖ పట్టుకుని, బెంగాల్లో ఉన్న ఇంగ్లీషువాళ్ళ పెద్ద క్లైవ్‌కి కబురు పెట్టింది ఈయనే, ఆ కబురు వెళ్ళకపోతే ఫోర్డ్ ఇటు వచ్చేవాడే కాదు. ఆయన సైన్యం అయిదు వేల కాల్బలం, అయిదొందల గుర్రాలు. నా లెక్కలో నూట ముప్పై ఏడు బొమ్మలు. కొందరికి ఏవో తుపాకులు, మిగతావాళ్ళకి ఈటెలు, విల్లులు. ఇంగ్లీషువాళ్ళు రాసినవాటిలో వీళ్ళు దేనికీ పనికిరాని గుంపు, రాజావారు ఇస్తానన్న డబ్బు ఇవ్వక విసిగించిన మనిషి. నేనూ అచ్చం అలాగే "ఓపిక ఉంటే" గడిలో పడేశాను.

కారణం లేకపోలేదు. ఫ్రెంచి, ఇంగ్లీషు సైనికులు డబ్బాల్లో రెడీగా దొరుకుతారు, బొత్తాం రంగు దగ్గర్నుంచి అన్నీ ఎవరో రాసిపెట్టారు. మనవాళ్ళ కోసం మొఘల్, మరాఠా పేర్లతో అమ్మే బొమ్మలు తెచ్చుకుని మార్చుకోవాలి. ఇందాక ఒకదాని మీద చెయ్యి చేసుకున్నాను. తల గొరిగి, ఎంసీల్‌ని సన్నటి దారంలా పాముకుని, తడిపిన టూత్‌పిక్‌తో చుట్టూ తిప్పితే తలపాగా వచ్చింది. చేతిలో కత్తి తీసేసి కొబ్బరి ఈనె ముక్క అంటిస్తే ఈటె. ఫర్వాలేదు, మనూరి మనిషిలాగే ఉన్నాడు.

కాబట్టి కాగితం చింపేశాను. జనవరి, ఫిబ్రవరి రాజావారివే. ఫ్రెంచి సిపాయిల్ని సగానికి కోసేస్తాను, అడిగేవాడెవడు. మా ఆయన లేచి వచ్చి చూసి, "అందరినీ కలిపితే దగ్గర దగ్గర రోజుకొకటి" అని లెక్క చెప్పి వెళ్ళి పడుకున్నారు. చేను కోసం పాత కొబ్బరిపీచు డోర్‌మ్యాట్ కోసి నిలబెట్టాను, భలే కుదిరింది, అత్తయ్యకి ఇంకా తెలీదు, తెలిసేలోపు కొత్తది కొనాలి.

విజయనగరం, బొబ్బిలి వైపు వాళ్ళెవరైనా చదువుతుంటే ఒక్క మాట. మీ ఇళ్ళల్లో గానీ, గుళ్ళ గోడల మీద గానీ పాతకాలం ఈటెలవాళ్ళ బొమ్మలు ఎక్కడైనా చూశారా? పంచె మోకాలి పైకి కట్టేవారా, కిందికా, పై బట్ట ఏ రంగు, నడికట్టు ఎలా ఉండేది? తెలిస్తే చెప్పండి. ఎరుపు మాత్రం అనకండి, నా దగ్గర ఎర్రసీసా సగమే ఉంది, అది సిపాయిలకి.